ఆకు మీద ఊరు, పొట్లం మీద సగం మాట

మా బాపుకు అప్పటిదాకా నేను ఇచ్చిన సలహా ఒక్కటే. అది కూడా పల్లీల పొట్లం మీద చదివి ఇచ్చింది.

అప్పుడు నేను బాన్సువాడలో డిగ్రీ రెండో సంవత్సరం. బీర్కూర్ దిక్కున ఉన్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఇంట్లో నా గొంతు ఎవరికీ పెద్దగా పరిచయం లేదు. చుట్టాలు వస్తే పిల్లకు మాటలు రావా అని మా అవ్వను, అంటే మా నాయనమ్మను, చెవిలో అడిగేవాళ్లు. అవ్వకు చెవిలో జవాబు చెప్పే అలవాటు లేదు. “వస్తయ్. అన్నీ బుక్కుల రాసి పెట్టుకుంటది, మనకియ్యది” అని వాకిలి దాకా వినిపించేలా చెప్పేది. ఆ బుక్కు ఎరువుల దుకాణంవాళ్లు బాపుకు ఉత్తగా ఇచ్చిన డైరీ. ప్రతి పేజీ కింద ఒక పురుగు బొమ్మ, దాని పక్కన దాన్ని చంపే డబ్బా బొమ్మ. నా దుఃఖాలన్నీ ఆ పురుగుల నెత్తి మీదే రాసుకున్నాను.

ఆ జులైలో ఒకరోజు బస్టాండులో కొన్న పల్లీలు అయిపోయాక, అలవాటు ప్రకారం పొట్లం విప్పి చదివాను. ఏదో వ్యవసాయం పుస్తకంలోంచి చింపిన కాగితం. వరి నారు కొసలు తుంచి నాటితే, ఆ కొసల మీద కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్లు పొలంలోకి రావని ఉంది. ఆ తర్వాత ‘అయితే’ అని ఉంది. అయితే తర్వాత కాగితం లేదు. అక్కడికి చినిగిపోయింది. మిగతా ముక్కలో ఎవరో శనగలు తింటూ ఉంటారు అనుకున్నాను.

అంతకు ముందు ఏడాది ఆ పురుగే మా మూడెకరాల్లో గింజ లేని తెల్లకంకులు పెట్టించి బాపుకు అన్నం సహించకుండా చేసింది. అందుకే ఆ సాయంత్రం అన్నాల దగ్గర నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది.

“బాపూ, ఈసారి నారు కొసలు తుంచి నాటిపియ్యి. పురుగు గుడ్లు ఆడనే పోతయట.”

బాపు చేతిలో ముద్ద ఆగిపోయింది. అమ్మ వైపు చూశాడు. “ఎవలే మాట్లాడింది?”

“నీ బిడ్డనే.”

“అరె! మూగది సర్కారు కాలేజీల సదివి సైన్సు చెప్తుందే!” అన్నాడు. అంత సంతోషపడ్డ మనిషిని, ఆ మాట ఎక్కడ చదివావని అడగకుండా ఉన్న మనిషిని, నేను ఇంకొక్కరినీ చూడలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నాట్లప్పుడు నాటేసే ఆడవాళ్లు నారు కట్టను చేతిలో పట్టుకుని కొడవలితో ఒక్క కోత కోసేవాళ్లు. పొట్లం మీద తుంచమని ఉంది. వీళ్లు జుట్టు పట్టుకుని తల నరికినట్టు నరికారు. వాళ్లలో పెద్దావిడ ఒడ్డు మీద, అంటే పొలం గట్టు మీద, ఉన్న బాపును ఊరుకోనివ్వలేదు.

“ఏంది పటేలా, నారుకు పుట్టెంటికలు తీపిస్తున్నవా? పేరేం పెడుతున్నవ్?”

“నవ్వకున్రి. మా బిడ్డ చెప్పింది.”

“నీ బిడ్డ నోరు తెరిచిందా? ఇగ వానలు మంచిగ పడ్తయ్ తీ!”

మా పొలానికీ క్యాంపాయన పొలానికీ మధ్య ఒకే ఒడ్డు. కాలువ కింద భూములు చూసుకుని కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు ఉండే చోటును మావాళ్లు క్యాంపు అంటారు. ఆయన అక్కడే పుట్టాడు, అయినా మాట మాత్రం వాళ్ల తాతదే. నేను ఆయన్ని మామయ్యా అని పిలిచేదాన్ని, పిలిచిన రెండు మూడు సార్లూ. క్యాంపాయన సేద్యం బాగా తెలిసినవాడని బాపు నమ్మకం. స్థానికుడికి ఈ నేల సంగతి తెలుస్తుందని క్యాంపాయన నమ్మకం. అందుకని ఇద్దరూ సొంతంగా ఏమీ చెయ్యరు. ఒడ్డు అవతల ఏం జరిగితే రెండు రోజుల్లో ఒడ్డు ఇవతల అదే జరుగుతుంది. దాన్ని వ్యవసాయం అనేవాళ్లు.

నరికిన నారు కొసలు చూసి క్యాంపాయన మర్నాడే తన నారూ నరికించాడు.

సరిగ్గా ఆ నెలల్లోనే కాలేజీలో మా బాటనీ సార్ నాకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఆకుల మీద బతికే సూక్ష్మజీవులు. నాకెందుకు ఇచ్చారంటే దానికి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, ఆకులకు ఖర్చు లేదు. పద్ధతి తేలిక. ఆకును జెల్లీ లాంటి దాని మీద మెత్తగా అద్ది తీసేయాలి, మూత పెట్టాలి, నాలుగు రోజులు ఓపిక పట్టాలి. జెల్లీకి కావాల్సిన అగర్ పొడి మాత్రం ల్యాబులో లేదు. ఎప్పుడు అయిపోయిందని అటెండర్‌ను అడిగితే “అది నేను రాకముందు ముచ్చట” అన్నాడు. ఆయన వచ్చి ఇరవై ఏళ్లయింది.

అగర్ అంటే బజారులో దొరికే చైనా గ్రాసేనని సార్ చెప్పారు. కిరాణా దుకాణం పెద్దాయన కళ్లద్దాలు కిందికి దించి చూశాడు. “రంజాన్ ఇంకా దూరం ఉంది కదా బేటా, ఎందుకు?” క్రిములను పెంచడానికి అని చెప్పే ధైర్యం లేక ఫలూదాకు అన్నాను. ఆయన మురిసిపోయి గుప్పెడు సబ్జా గింజలు ఊరికే కట్టిచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఫలూదా ఎట్ల కుదిరిందని అడిగేవాడు. బాగా కుదిరింది చాచా, నాలుగో రోజుకు బూజు కూడా వచ్చింది అని డైరీలో మాత్రమే జవాబు రాసుకున్నాను.

ఆలుగడ్డలు ఉడికించిన నీళ్లు, చక్కెర, చైనా గ్రాస్. ల్యాబు గాజు పళ్లాలు శుభ్రం కావాలంటే ప్రెషర్ కుక్కరే దిక్కు. అమ్మ కుక్కర్ మూత చంకలో పెట్టుకుని నిలబడింది. “మనుషులకు పప్పు ఉడకలే ఇంకా. పురుగులకు ముందు వంటనా?”

మొదట మా ఇంటి కరివేపాకు అద్దాను. నాలుగో రోజు మూత పైకి ఎత్తాను. ఆకు లేదు, ఆకు ఆకారం ఉంది. చుక్కలతో వేసిన ముగ్గులాగా ఆకు అంచు, మధ్య ఈనె, పక్క ఈనెలు. పసుపు చుక్కలు, తెల్ల చుక్కలు, అక్కడక్కడ గులాబీ రంగువి. శుభ్రంగా మెరిసే కరివేపాకు మీద ఇంతమంది కాపురం ఉన్నారా! వాళ్లను అంతదాకా చారులో వేసుకుని తాగాం.

ఆకు మీద ఎక్కడ పడితే అక్కడ ఉండరని సార్ చెప్పారు. ఎండకు మాడే నడి మైదానంలో పలచగా, ఈనెల పక్కన లోతట్టులో ఒత్తుగా. ఆకు ఊపిరి పీల్చే రంధ్రాల చుట్టూ ఇంకా ఒత్తుగా. తెల్లవారి వరి ఆకు అంచున వేలాడే చుక్కను మేం మంచు అనుకుంటాం. చాలాసార్లు అది మంచు కాదట. ఆకే తన అంచుల్లో ఉన్న సన్నటి రంధ్రాల నుంచి వదిలిన నీళ్లు. అంటే ఆకుకు చెమట. ఆ చెమట దగ్గరే అందరూ చేరతారు. మా ఊళ్లో బోరింగు దగ్గర చేరినట్టే.

ఒకరోజు అవ్వ చూడనప్పుడు తులసి ఆకు ఒకటి తెంపి అద్దాను. నాలుగో రోజు అవ్వ చూడనే చూసింది.

“గిదేందే?”

“తులసాకు అవ్వా. దాని మీద ఉన్నోళ్లు.”

అవ్వ పళ్లాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. తిడుతుందనుకున్నాను. “రోజు చెంబెడు నీళ్లు పోస్తున్న. గింతమంది తాగుతున్నరని నాకెర్కనే లేకపాయె” అంది. తర్వాత గులాబీ రంగు చుక్క మీద వేలు పెట్టబోయి ఆగింది. “గీ ఎర్రగున్నోళ్లు ఎవలు?”

“ఆకు గాలిలకు సారాయసొంటిది కొంచెం వదుల్తది. వీళ్లు అది తాగి బతుకుతరట.”

“అట్లనా. మీ తాత దోస్తులన్న మాట” అని పళ్లెం నా చేతిలో పెట్టి, “మంచిగ మూత పెట్టు, పాపం” అంటూ వెళ్లిపోయింది.

మా పొలంలో ఆకు కూడా అద్దాను. దాని మీదా నిండు ఊరే. పైరు పచ్చగా, ఆకు నిండా జనం, బాపు ఖుషీ. అప్పటికి అన్నీ బాగున్నాయి.

సెప్టెంబర్‌లో రెండు రోజులు గాలివాన కొట్టింది. అది తగ్గిన వారానికి ఆకుల అంచులు పసుపు పచ్చగా మారాయి. ఆ పసుపు కొస నుంచి మొదలై అంచు వెంబడి అలలు అలలుగా కిందికి దిగి, ఆ తర్వాత ఎండిన గడ్డి రంగుకు తిరిగింది. కొడవలి కోసిన కొసల నుంచే మొదలైంది. అది నేను చూశాను. చూసి డైరీలో రాశాను. ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున క్యాంపాయన వీపుకు పంపు వేసుకుని ఒడ్డు వెంట నడవడం బాపు దూరం నుంచి చూశాడు. వెంటనే సైకిల్ ఎక్కి దుకాణానికి పోయాడు. మావాళ్లు రోగం పేరు చెప్పి మందు కొనరు. “క్యాంపాయన కొట్టినదే నాకియ్యి” అంటారు. దుకాణంవాడు కూడా అడ్డు ప్రశ్నలు వేసేవాడు కాదు. బాపు బూజు మందు తెచ్చి కొట్టాడు. అది చూసి క్యాంపాయన అదే కొట్టాడు. అది చూసి బాపు నీలం మందు కలిపి మళ్లీ కొట్టాడు. క్యాంపాయన ఇంకో డబ్బా. బాపు ఇంకో డబ్బా. ఆకులు ఎండుతూనే ఉన్నాయి.

కానీ మొదటి రోజు క్యాంపాయన పంపులో ఉన్నవి ఉత్త నీళ్లు. నేను కాలువ గట్టు మీద బస్సుకు పోతూ చూశాను. కిందటి పంట నుంచి మూల పడ్డ పంపు ముక్కు మూసుకుపోతే, నీళ్లు పోసి ఊదుకుంటూ కడుక్కుంటున్నాడు. అదీ డైరీలో రాశాను. మిడత బొమ్మ పైన.

ఆ శనివారం బాపు నాలుగు సంచుల యూరియా తెచ్చి అరుగు మీద పెట్టించాడు. “మందుకు లొంగుతలేదు. పైరుకు బలం లేదు. రేపు పొద్దుగాల యూరియా చల్లుత. పొట్టకొచ్చే ముంగట గిట్ల ఎండితే ఇగ గడ్డే” అన్నాడు. పోయినేడు తెల్లకంకులు, ఈ ఏడు ఇది.

నేను అప్పటికే ఆ పొద్దున కాలేజీకి తీసుకుపోయిన మా పొలం ఆకుల సంగతితో ఇంటికి వచ్చి ఉన్నాను. సార్ వాటిని చూసి, నీ అంచనా ఏంటమ్మా అని కూడా అడగకుండా, రోగం తగిలిన ఆకును కత్తెరతో కోసి, కోసిన కొసను గాజు గ్లాసులో నీళ్లలో ముంచి పట్టుకున్నారు. కాసేపటికి ఆ కోత నుంచి తెల్లటి పొగలాంటిది సన్నగా నీళ్లలోకి కారింది. పొగ కాదు, క్రిములు. కోట్లు.

“ఎండాకు తెగులు. ఇది బూజు కాదు, బ్యాక్టీరియా. బూజు మందు దీన్నేం చేస్తది? లోపల నీళ్ల గొట్టాల్లో కూర్చుంది. యూరియా మాత్రం వెయ్యొద్దమ్మా, దానికి పెండ్లి భోజనం పెట్టినట్టే. నిలవున్న నీళ్లు తీసి పొలం ఆరబెట్టుమను.” తర్వాత అడిగారు, “నారు కొసలు తుంచారా?”

నేను నేల చూశాను. సార్ బీరువాలోంచి ఒక పుస్తకం తీసి పేజీ తిప్పారు. నాకు ఆ పేజీ తెలుసు. సగం తెలుసు. నారు కొసలు తుంచి నాటితే, అని మొదలై, అయితే ఎండాకు తెగులు వచ్చే చోట తుంచకూడదు, కోసిన చోటు నుంచే క్రిమి లోపలికి పోతుంది, అని ముగిసింది.

బస్సులో వస్తూ ఒక వాక్యం తయారు చేసుకున్నాను. దాన్ని నాలుగుసార్లు డైరీలో దిద్దాను. అన్నాల దగ్గర నోరు తెరిచాను.

“బాపూ...”

“ఏంది బిడ్డా?”

“...చారు పోసుకుంటవా?”

పోసుకున్నాడు. మళ్లీ కాసేపటికి బాపూ అన్నాను. మజ్జిగ పోసుకున్నాడు. మూడోసారి అమ్మ, “ఏంది ఇయ్యాల, బాపు మీద గింత ప్రేమ కారుతుంది?” అంది. ఇక నావల్ల కాలేదు.

నోటికి చేతకాని పని చేతులు చేస్తాయేమో అనుకున్నాను. ఆదివారం పొద్దున రెండు చాయ్ గ్లాసులు, కత్తెర, చెంబుతో నీళ్లు, మూత పెట్టిన రెండు గాజు పళ్లాలు, డైరీ పట్టుకుని పొలం దారి పట్టాను. బాపు అప్పటికే యూరియా సంచి మూతి విప్పి, బకెట్ పక్కన పెట్టుకుని ఒడ్డు మీద ఉన్నాడు. చల్లడం మాత్రం మొదలుపెట్టలేదు. అవతలి వైపు క్యాంపాయన కూడా సంచి విప్పుకుని నిలబడ్డాడు. ఆయనా మొదలుపెట్టలేదు. ఎవరు ముందు చల్లుతారో అని ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. నాకు దొరికిన సమయమంతా ఆ చూపులదే.

“చల్లకు బాపూ” అన్నాను. గొంతు నాదేనా అనిపించింది. “కొసలు తుంచమని నేను సగమే చదివి చెప్పిన.”

“సగమేంది?”

“మిగిలిన సగం చినిగిపోయింది.”

“దేంది చినిగింది?”

“పల్లీల పొట్లంది.”

కొంగ ఒకటి లేచి ఎగిరిపోయింది. బాపు సంచి వైపు, పొలం వైపు, నా వైపు చూశాడు.

“నా మూడెకరాలు పల్లీల పొట్లం మీద నాటేసిన్నా?”

క్యాంపాయన ఒక్కసారి పగలబడి నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. “అయ్యబాబోయ్. అంటే నేనూ అదే పొట్లం మీద నాటానా పటేలుగారూ?”

వాళ్లు తేరుకునేలోగా నేను గ్లాసుల్లో నీళ్లు పోశాను. ఒకదాంట్లో మా పొలంలోని పసుపు అంచు ఆకు కోసి నిలబెట్టాను. రెండోదాంట్లో దారిలో, కొసలు కొయ్యని వేరేవాళ్ల మడిలోంచి తెంపిన పచ్చాకు. ఇద్దరు పెద్ద రైతులు ఒడ్డు మీద గొంతుక్కూర్చుని, పాలు ఎప్పుడు పొంగుతాయా అన్నట్టు చాయ్ గ్లాసుల్లోకి చూస్తూ ఉండిపోయారు. నేను ఏమీ మాట్లాడక్కర్లేదు. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేదు.

“కారుతుంది లే! తెల్లగ కారుతుంది!” అని బాపు అరిచాడు. “గీ ఆకుల గింత చీమున్నదా?”

“చీము కాదు బాపూ. క్రిములు. గా పచ్చాకు నీళ్లల్ల ఏం లేవు, చూడు.”

“మరి మేం కొట్టిన మందులన్నీ ఏవైనట్టమ్మాయ్?” అని క్యాంపాయన.

అప్పుడు పళ్లాలు చూపించాను. ఒకటి మందు కొట్టకముందు మా ఆకు అద్దింది, నిండుగా చుక్కలు. రెండోది మూడు మందుల తర్వాత అద్దింది. నున్నగా ఉంది, ఒక మూల రెండు చుక్కలు.

“మందు మంచిగనే పని చేసింది బాపూ. ఆకు మీద బతికే ఊరోళ్లందరు పోయిన్రు. వాళ్లు మనకేం చెయ్యలే. దొంగ మాత్రం మనం కోసిన దర్వాజల నుంచి లోపలికి పోయి పండుకున్నడు. ఇగ యూరియా వేస్తే వానికి కడుపు నిండ బువ్వ.”

అంత పొడుగు మాట నేను అంతకు ముందు కాగితం మీద తప్ప పలకలేదు. బాపు ఒడ్డు అవతలికి తిరిగాడు. “ఏమన్నా, నీకు తెల్వకనే ఎందుకు మొదలు కొట్టినవయ్యా మందు?”

“నేనా? మీరు కొట్టారనే కదండీ నేను కొట్టింది!”

“నువ్వు పంపు వేసుకొని తిరుగుతుంటే నా కండ్లతోని చూసిన.”

నేను డైరీ తెరిచి, మిడత ఉన్న పేజీ ముందు పెట్టాను. “ఆరోజు మామయ్య పంపు కడుక్కుంటుండె.”

ఇద్దరూ ఆ పేజీ చదివారు. మిడతను కూడా చదివారు. ఎవరూ నవ్వలేదు. తర్వాత బాపు నన్నే చూస్తూ అన్నాడు, “మొన్న ఒక్క మాట చెప్తివి, గిట్లయింది. ఇయ్యాల ఇంకో మాట చెప్తున్నవ్. పైరు పోతే ఇగ మనకు ఈ ఏడు లేదు బిడ్డా. గిదన్న మొత్తం సదివినవా?”

“రెండు దిక్కుల సదివిన. సార్ ముంగటనే.”

బాపు యూరియా సంచి మూతి దగ్గరకు లాగి సుతిలితో కట్టాడు. పార తీసుకుని ఒడ్డు దిగువన గండి కొట్టాడు. నీళ్లు బుడబుడమంటూ మురుగు కాలువలోకి పోయాయి. క్యాంపాయన ఒక నిమిషం ఆగి తనూ పార తీశాడు. ఆ రోజు మాత్రం ఆయన ఒడ్డు అవతల చూసి చేసినందుకు నాకు సంతోషమైంది.

ఎండిన ఆకులు పచ్చబడలేదు. ఏ మందుకూ అవి పచ్చబడేవి కావు. కానీ తర్వాత, కంకికి ముందు వచ్చే పొట్టాకు అంచు దాకా పచ్చగా వచ్చింది. దిగువ మడిలో తాలు ఎక్కువ, ఎగువ మడిలో గింజ బాగానే పట్టింది. పంట తగ్గింది. గడ్డి మాత్రం కాలేదు. కోతలప్పుడు అవ్వ ఒక ఆకు తెంపి నాకిచ్చి, “మళ్లొచ్చిన్రా వాళ్లు? చూడు” అంది. అద్దాను. వచ్చారు. గులాబీ వాళ్లు కూడా.

మరుసటి జులైలో నారు కట్టలు ఒడ్డు మీదికి వచ్చాయి. అదే పెద్దావిడ కొడవలి పైకెత్తి బాపును కేకేసింది. “ఈసారి కూడా గుండు కొట్టాల్నా పటేలా?”

బాపు నా వైపు చూశాడు. అందరూ నా వైపు చూశారు. అవతలి ఒడ్డు మీద క్యాంపాయన కూడా నడుము మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“వద్దు. అట్లనే నాటున్రి” అన్నాను. గట్టిగానే.

ఆ సాయంత్రం బాపు బజారు నుంచి పల్లీలు తెచ్చాడు. పొట్లం విప్పి, పల్లీలన్నీ అవ్వ ఒడిలో పోసి, ఖాళీ కాగితం చేత్తో సాపు చేసి నాకు ఇచ్చాడు.

“చినిగిందేమో ముందు చూడు” అన్నాడు. “చినగకపోతే సదువు.”